విమాన దూరాన్నీ సమయాన్నీ చెప్పే యాప్: కొన్నేళ్ల వాడకం తరువాత

మా చెల్లెలు కాలిఫోర్నియాలో స్థిరపడిన నాటి నుండి ఈ యాప్‌ను వాడుతున్నాను. దూరం విషయంలో దీనికి వంక పెట్టలేను. బెంగళూరు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 14,000 కిలోమీటర్లని చెప్పి, ఆ దారిని గోళం మీద గీసి చూపినప్పుడు, అది ఆర్కిటిక్ వలయాన్ని దాటి ఎందుకు వంగుతుందో మా నాన్నగారికి ఒక్క చూపులో అర్థమైంది.

నా ఫిర్యాదంతా సమయం దగ్గరే. మధుమేహం ఉన్న మా అమ్మ మొదటిసారి అక్కడికి వెళ్లేటప్పుడు, విమానంలో ఎన్ని గంటలు ఉంటారో చెబితే మాత్రలకూ భోజనానికీ వేళలు రాసిస్తానని డాక్టరుగారు అన్నారు. టికెట్టు మీద ఉండేవి అక్కడి గడియారం, ఇక్కడి గడియారం. నడుమ పన్నెండున్నర గంటల తేడా, శీతాకాలంలోనైతే పదమూడున్నర. ఆ కూడికల తలనొప్పి లేకుండా యాప్ 16 గంటలని చెప్పింది, వెళ్లేటప్పుడు దాదాపు అంతే పట్టింది, ఇంట్లో అందరం దాన్ని మెచ్చుకున్నాం. తిరుగు ప్రయాణానికీ అదే 16 చూపింది. తీరా చూస్తే పదిహేడు గంటలు దాటినా విమానం దిగలేదు. దిగాక చక్రాల కుర్చీ కోసం, ఇమిగ్రేషన్ వరుస కోసం మరికొంత ఆలస్యం. ఇంటికి చేరాక తినాలని కాగితంలో రాసిన భోజనం వేళ గాలిలోనే గడిచిపోయింది. చెల్లెలు చేతిసంచిలో పెట్టిన చపాతీలు ఉండబట్టి సరిపోయింది.

యాప్ చేసేదల్లా దూరాన్ని ఒక స్థిరమైన వేగంతో భాగించి అరగంట కలపడమే. విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుండి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులు, అందులోనూ శీతాకాలంలో ఉత్తర పసిఫిక్ మీద ఎంతో ఉధృతంగా ఉండేవి, దాని లెక్కలో లేనే లేవు. కనుక వెళ్లేటప్పుడు కుదిరిన ఆ 16 గంటలు కాకతాళీయమేనని ఇప్పుడు అనుకుంటున్నాను. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి నుండి పసిఫిక్ దారికి మార్చినప్పుడు, దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300కు చేరినా, ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. భాగహారం మాత్రమే తెలిసిన యాప్ దీన్ని ఎన్నటికీ చెప్పలేదు. అలాగే 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసి, ఢిల్లీ నుండి పడమరకు వెళ్లే మన విమానాలు చుట్టుదారి పట్టినా, ఇందులోని అంకె నిమిషమైనా కదలలేదు.

అయినా దీన్ని ఫోనులోంచి తీసేయలేదు. ఏ ఊరి మీదుగా వెళితే దారి తగ్గుతుందో చూసుకోవడానికి ఇప్పటికీ ఇదే తెరుస్తాను. గంటల కోసం మాత్రం ఆ విమానం గత వారం నిజంగా ఎంతసేపు ఎగిరిందో వేరేచోట చూస్తాను. హైదరాబాదు నుండి సింగపూరు వంటి చోటికి వెళ్లేవారికి, మందుల వేళలతో నిమిత్తం లేనివారికి, ఈ లోపం అసలు కనిపించకపోవచ్చు.