తెర మీద చూసి మోజుపడ్డ డైవర్ వాచీ: సీకో ఎస్‌కేఎక్స్007తో ఇన్నేళ్లు

టీవీలో మాట్లాడేవాళ్ల చేతులు ఊరికే ఉండవు. అందుకే ముఖం తర్వాత మన చూపు పడేది మణికట్టు మీదే. కార్ల షోలతో పేరుపడ్డ జెరెమీ క్లార్క్‌సన్ స్టీరింగు పట్టుకుంటే ఒమేగా ప్లానెట్ ఓషన్ కనబడుతుంది, అడవుల్లో సాహసాలు చేసే బేర్ గ్రిల్స్ చెట్టెక్కితే లూమినాక్స్. కారు నడపడానికి 600 మీటర్ల లోతు తట్టుకునే వాచీ దేనికి? నాకు తోచిన కారణం ఒకటే. చీకటి నీళ్లలో చదవడానికి గీసిన డయల్, మన హాల్లో సోఫా మీంచి కూడా చదవొచ్చు. లావు ముళ్లు, పెద్ద చుక్కలు, చుట్టూ తిప్పగలిగే నల్లని వలయం, అదే బెజెల్.

ఈ ఆకర్షణ పాతదే. 1967లో వచ్చిన డోక్సా సబ్ అనే నారింజ రంగు డయల్ డైవర్ వాచీని అమెరికాలో అమ్మింది ఫ్రెంచి సముద్ర అన్వేషకుడు జాక్ కూస్తో నడిపిన సంస్థే. ఆయన సముద్ర కార్యక్రమాలు ఇంటింటా టీవీలో ఆడిన కాలమది.

నాది అంత ఖరీదైనది కాదు. 1996లో మొదలై 2019లో ఆగిపోయిన సీకో మోడల్, 200 మీటర్లది. బెంగళూరులో రోజూ ఇదే పెట్టుకుంటాను. వానలో బండి మీద వెళ్లినా, ఈతకొలనులో దిగినా తియ్యను. క్రౌన్ (టైమ్ మార్చడానికి పక్కన ఉండే మర) మూడు దగ్గర కాకుండా నాలుగు దగ్గర ఉండడం వల్ల చెయ్యి వంచినా గుచ్చుకోదు.

నాకు బాగా అలవాటైంది బెజెల్. త్రికోణాన్ని నిమిషాల ముల్లు ఎదురుగా తిప్పి వదిలేస్తే, ఎంతసేపైందో లెక్క వెయ్యకుండానే తెలుస్తుంది. ఇడ్లీ పొయ్యి మీద పెట్టినా, పదిహేను నిమిషాలన్న మీటింగు మొదలైనా, సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర బస్సు నిలిచిపోయినా చెయ్యి దానంతటదే బెజెల్ మీదకి పోతుంది. అది ఒకే వైపు తిరుగుతుంది. పొరపాటున తగిలి కదిలినా గడిచిన సమయం ఎక్కువగానే చూపిస్తుంది, డైవర్ ముందే పైకి వచ్చేస్తాడు. ప్రాణం కోసం పెట్టిన ఈ చిన్న జాగ్రత్త తెలిశాక వాచీ మీద గౌరవం పెరిగింది.

ఇందులోని 7ఎస్26 యంత్రం చేతి కదలికతోనే కీ ఎక్కించుకుంటుంది, మనం చేత్తో ఇవ్వలేం, క్రౌన్ లాగినా సెకన్ల ముల్లు ఆగదు. శుక్రవారం రాత్రి తీసి పక్కన పెడితే ఆదివారం మధ్యాహ్నానికల్లా నిద్రపోతుంది. సెకనుతో సహా సరిగ్గా ఉండాలనుకునేవాళ్లకి ఇది నచ్చదు. పదమూడు మిల్లీమీటర్ల మందం, ఫుల్ హ్యాండ్స్ చొక్కా కఫ్ కింద దూరదు. పెళ్లిళ్లకి నాన్నగారి హెచ్ఎంటీయే పెట్టుకుంటాను. చైన్ మాత్రం నాకు మొదటినుంచీ గలగలలాడినట్టనిపించి, 22 మిల్లీమీటర్ల రబ్బరు స్ట్రాపుకి మారాను. హాయిగా ఉంది.

ఒకసారి చిక్కపేట వైపు ఓ కొట్లో సర్వీసు చేయించాను. వెనక మూత తీసినవాళ్లు నీళ్లు చొరకుండా ఆపే రబ్బరు గాస్కెట్ మార్చలేదు, నీటి పరీక్ష చెయ్యలేదు. మొదటి వానకే గాజు లోపల ఆవిరి. మరోచోట గాస్కెట్లు వేయించి, ఒత్తిడి పరీక్ష నా కళ్లముందే చేయించాక గానీ మళ్లీ కొలనులో దిగలేదు.

ఇప్పుడు కొత్తది కొనేవారికి దొరికేది దీని రూపులో 2019లో వచ్చిన సీకో 5 స్పోర్ట్స్. కీ ఇవ్వొచ్చు, సెకన్ల ముల్లూ ఆగుతుంది. కానీ అది 100 మీటర్లదే, క్రౌన్‌కి మర బిగింపు లేదు. ఈతకి చాలు, సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగేవాళ్లు మాత్రం డయల్ మీద "డైవర్స్ 200" అని రాసి ఉన్నదే వెతుక్కోండి.