వెయిట్ మెషినా, టైలర్ టేపా?

జిమ్ మొదలెట్టాక ప్రోగ్రెస్ చూసుకోడానికి నేను రెండూ వాడా, వెయిట్ మెషిన్ ఈజీనే, ఎక్కితే నంబర్ వచ్చేస్తుంది, కానీ ఆ నంబర్‌లో కొవ్వెంత, కండెంత, నీళ్లెంత అన్నది తెలీదు. ముందురోజు రాత్రి ఆవకాయన్నం గట్టిగా తింటే ఉప్పుకి నీళ్లు నిలబడి పొద్దున్నే అరకిలో ఎక్కువ చూపించొచ్చు. క్రియాటిన్ (జిమ్‌వాళ్లు బలం కోసం వేసుకునే సప్లిమెంట్ పొడి) మొదలెడితే ఇంకా కన్ఫ్యూజన్, రోజుకి 3-5 గ్రాములు వేసుకుంటే కండరాల్లోకి నీళ్లు చేరి మొదటి వారాల్లోనే కిలో దాకా పెరగొచ్చు, నాకూ అలాగే పెరిగింది, లావైపోతున్నా అని భయపడి మానేద్దామనుకున్నా కూడా.

అప్పుడు టేపే నిలబెట్టింది నన్ను. నడుము రెండు సెంటీమీటర్లు తగ్గింది, బరువేమో పెరిగింది!

టేపుతో చిక్కేంటంటే చెయ్యి కాస్త అటూఇటూ అయితే కొలత మారిపోద్ది, అందుకే వారానికోసారి, పరగడుపున, ఊపిరి వదిలాక, బొడ్డు దగ్గరే చూడాలి.

మెషిన్ పారేయక్కర్లేదు, కండ పెంచేవాళ్లు ఒంటి బరువులో కిలోకి రోజుకి 1.6 గ్రాముల ప్రోటీన్ లెక్కేసుకోడానికి బరువు కావాలిగా, 60 కిలోలకి 96 గ్రాములు. ఒక్కటే కొనాలంటే మాత్రం నేను టేపే అంటా.