ఏలూరు–బెజవాడ హైవే మీద ఎస్పీ 125: రెండేళ్లు దాటాక నా మాట

హోండా ఎస్పీ 125 డిస్క్ మోడల్ కొని రెండేళ్లు దాటింది. ఉండేది ఏలూరులో, పని విజయవాడ ఆటోనగర్‌లో. ఇంటి గుమ్మం నుంచి షాపు గుమ్మానికి అరవై కిలోమీటర్ల పైమాటే. బాగా వానలు పడే వారాల్లో రైలు పాస్ మీద నెట్టుకొస్తాను, మిగతా రోజులన్నీ బండి మీదే. మీటరు డెబ్భై వేలు దాటింది. మంచీ చెడూ రెండూ చెప్పగలిగినంత నడిపానని ధైర్యంగా అనుకుంటున్నాను.

ఈ బండి చూసినవాళ్లు అడిగేది ఒకటే: "ఎంతిస్తుందండీ?" దీనికి ఒక్క అంకె చెప్పడం నాకు చేతకాదు. ఇదే బండి, ఇదే రోడ్డు, ఇదే బంకు. అయినా అరవై ఎనిమిదీ చూశాను, నలభై తొమ్మిదీ చూశాను. తేడా అంతా స్పీడులో ఉంది. 55–60 మధ్య నిదానంగా పోతే లీటరుకి 65 పైనే వస్తుంది. 65–70 మధ్య పట్టుకుంటే 60 అటూఇటూ. 80లో లాగిస్తే 50 వచ్చిందంటే గొప్పే.

కారణం గాలి. స్పీడు రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. 60 నుంచి 80కి వెళ్తే స్పీడు పెరిగేది మూడో వంతు, గాలి అడ్డు పెరిగేది దాదాపు 78 శాతం. కారుకైతే కొద్దో గొప్పో గాలిని చీల్చే ఆకారం ఉంటుంది. మన బండి మీద నిటారుగా కూర్చున్న మనిషి ఛాతీయే పెద్ద అడ్డం. పైన బొత్తాలు పెట్టని రెయిన్‌కోటు వేసుకుంటే అది ఉబ్బి ఇంకో రెండు కిలోమీటర్లు తినేస్తుంది. ఇది నేను ట్యాంకు లెక్కలో చూసిందే.

మా దారిలో దీనికి తోడు దిక్కు కూడా ఉంది. ఏలూరు నుంచి బెజవాడ అంటే పడమర ముఖంగా ప్రయాణం. జూన్ వచ్చి నైరుతి గాలులు మొదలయ్యాయంటే పొద్దున పూట ఎదురుగాలి. కలపర్రు టోల్‌గేటు దాటి రెండు వైపులా పొలాలు తెరుచుకున్న చోట 65లో పోతున్నా మీటరు కన్సోల్‌లో, పెట్రోలు పొదుపుగా నడుపుతున్నామని చెప్పే ఈకో లైటు ఆరిపోతుంది. సాయంత్రం అదే గాలి వెనకనుంచి తోస్తుంటే థ్రాటిల్ అంతే తిప్పినా లైటు వెలుగుతూనే ఉంటుంది. అందుకే ఒక్క పూట చూసి మైలేజీ చెప్పేవాళ్ల మాట నేను పట్టించుకోను. ఎండ సంగతికొస్తే ఈ దారి అదృష్టం చేసుకుంది. పొద్దునా సాయంత్రమూ సూర్యుడు వీపు వెనకే ఉంటాడు, కళ్లలో పడడు. కాకపోతే రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ట్రాక్టరు వాడి కళ్లలో పడతాడు. మనం వాడికి కనపడుతున్నామనుకుని ధీమాగా పోకూడదు.

ఇక డబ్బు లెక్క. మా దగ్గర పెట్రోలు లీటరు నూట పది దరిదాపుల్లో ఉంది. రానూపోనూ నూట ఇరవై కిలోమీటర్లు, లీటరుకి 60 చొప్పున రోజుకి రెండు లీటర్లు, 220 రూపాయలు. నెలకి పాతిక రోజులు తిరిగితే 5,500. అదే 80లో లాగించి 50 తెచ్చుకుంటే 6,600. నెలకి పదకొండు వందలు తేడా. దానికి బదులు దక్కేదేమిటంటే, ఖాళీ హైవే దొరికేది నలభై అయిదు కిలోమీటర్లు అనుకుంటే, ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిదీ రామవరప్పాడు రింగ్ దగ్గర ట్రాఫిక్‌లో ఎలాగూ పోతాయి. నేషనల్ హైవేల మీద టూవీలర్లకి టోల్ లేదు కాబట్టి ఖర్చంటే పెట్రోలూ మెయింటెనెన్సే. నాలుగు లైన్ల రోడ్డు మీద టూవీలర్‌కి కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం కూడా 80యే, గుర్తుండాలి.

బండి ఎంచుకునేటప్పుడు నేను పట్టుకున్న సూత్రం కూడా ఇక్కడినుంచే వచ్చింది. కంపెనీ చెప్పే మైలేజీ కాదు, 65 దగ్గర ఇంజన్ ఎలా ఉంటుందన్నది చూశాను. అంతకుముందు నా చేతిలో నాలుగు గేర్ల 100 సీసీ బండి ఉండేది. పేరెందుకులెండి. ఊళ్లో తిరిగినన్నాళ్లూ బంగారం, డెబ్భై దాకా ఇచ్చింది. హైవే ఎక్కి 65 దాటితే మాత్రం ఫుట్‌రెస్టుల్లో జలదరింపు మొదలై హనుమాన్ జంక్షన్ వచ్చేసరికి అరికాళ్లు మొద్దుబారేవి. ఇంజన్ తన శక్తికి మించి పరుగెడుతుంటే మైలేజీ కూడా అందుకు తగ్గట్టే పడిపోయేది. 100 సీసీ మైలేజీ నిజమే, కాకపోతే అది 50 స్పీడులో వచ్చే నిజం. హైవే మీద 50లో పోతే వెనకున్న లారీవాడు ఊరుకోడు.

అప్పట్లో చూసిన వాటిలో స్ప్లెండర్ ప్లస్ 97.2 సీసీ, నాలుగు గేర్లు, ఎనిమిది హార్స్‌పవర్. రోజుకి ముప్పై నలభై కిలోమీటర్లవాళ్లకి దానికి మించింది లేదని ఇప్పటికీ అంటాను. టీవీఎస్ రైడర్ నడిపి చూశాను. మూడు వాల్వుల ఇంజన్, పికప్ బాగుంది. నా దగ్గర ఉంటే నేను తప్పకుండా దాన్ని లాగించేవాణ్ణి, అందుకే వద్దనుకున్నాను. హోండాలోనే యూనికార్న్ కూడా చూశాను, 162.7 సీసీ. హైవేకి అసలు బండి అదే. బరువుంది, 125 సీసీ దాటిన బండి కాబట్టి చట్టం ప్రకారం ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రం బిగుసుకోకుండా చూసేది) ఉంది. కొనే ధరలోనూ రోజువారీ పెట్రోలులోనూ తేడా చూసి వెనక్కి తగ్గాను. ఇంట్లో స్తోమత ఉన్నవాళ్లు తగ్గనక్కర్లేదు. కరెంటు స్కూటర్ల సంగతి అప్పుడే ఆలోచించి వదిలేశాను. 65లో ఏకబిగిన పోతే వాటి రేంజి ఎలా కరిగిపోతుందో మా షాపులో ఒకాయన దగ్గర చూశాను. షాపులో ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే లెక్క వేరు.

చివరికి ఎస్పీ దగ్గర ఆగడానికి కారణాలు మామూలివే. 123.94 సీసీ, అయిదు గేర్లు, 10.9 న్యూటన్ మీటర్ల టార్క్. అయిదో గేర్లో 60–65 దగ్గర ఇంజన్ చప్పుడు చేయకుండా గుమ్మని పోతుంది, హ్యాండిల్‌లో వణుకుండదు. నా పనికి అంతకన్నా అక్కర్లేదు. ట్యాంకు 11 లీటర్లు. సోమవారం ఫుల్ చేయిస్తే శుక్రవారం దాకా బంకు వైపు చూడను. పొద్దున్నే స్టార్టర్ నొక్కితే కిర్రుమనకుండా నిశ్శబ్దంగా స్టార్టవుతుంది. పక్కింటివాళ్లు నిద్ర లేవరు. చిన్న సంగతే అయినా అయిదున్నరకి బయల్దేరేవాడికి అది పెద్ద సుఖం.

తేలిక బండి కావడం ఊళ్లో సుఖం, హైవే మీద పరీక్ష. 117 కిలోల ఒళ్లు, ముందు 80/100 సైజు సన్నటి టైరు. రోజూ పనికి తిరిగే ఈ తరగతి కమ్యూటర్ బళ్లన్నీ ఇంచుమించు ఇంతే. ఏసీ స్లీపర్ బస్సు పక్కనుంచి దూసుకుపోతే ముందు గాలి అవతలికి నెడుతుంది, బస్సు దాటాక ఇవతలికి లాగుతుంది. మొదటి నెలలో గుండె జారింది. తర్వాత తెలిసిందేమంటే హ్యాండిల్ బిగపట్టకూడదు. మోకాళ్లతో ట్యాంకుని నొక్కిపట్టి చేతులు వదులుగా ఉంచితే బండి దానంతటదే సర్దుకుంటుంది. ఎడమ లైను అంచుకి అంటుకుని పోకుండా లైను మధ్యలో పోతే తప్పుకోవడానికి రెండు వైపులా చోటుంటుంది.

ఈ రోడ్డు మీద వేగే అందరికీ తెలిసిన ఇంకో బెడద చేపల లారీలు. కైకలూరు, కొల్లేరు వైపు నుంచి ఐసు పెట్టెలతో వచ్చేవి దారిపొడవునా నీళ్లు కార్చుకుంటూ పోతాయి. ఆ నీళ్లలో చేప జిగురుంటుంది. ఎండలో ఆరినట్టే కనిపిస్తుంది గానీ బ్రేకు కొడితే తెలుస్తుంది. ఎస్పీలో ఉన్నది కాంబీ బ్రేకు, అంటే వెనక బ్రేకు నొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది. ఏబీఎస్ లాగా చక్రం బిగుసుకోకుండా కాపాడదు. అందుకని తడి గీత కనిపిస్తే ముందే థ్రాటిల్ వదిలేసి లైను మారతాను. చేపల లారీ వెనక పోవడం మాత్రం పూర్తిగా మానేశాను, వాసనకి కూడా అదే మంచిది.

రాత్రి ప్రయాణం వీలైనంత తప్పించుకుంటాను. ఎల్‌ఈడీ లైటు ఊళ్లోకి దివ్యంగా సరిపోతుంది. వరి కోతలప్పుడు వెనక లైటు లేకుండా గడ్డి లోడుతో పోయే ట్రాక్టరుని 65 స్పీడులో పసిగట్టాలంటే ఏ కమ్యూటర్ బండి లైటూ చాలదు. చీకటి పడితే 50కి దిగిపోతాను. నా బండికీ హెల్మెట్‌కీ వెనకవైపు రేడియం స్టిక్కర్లు వేయించాను. యాభై రూపాయల ఖర్చు.

సీటు విషయం. ఈ క్లాసు బళ్ల సీట్లు ఊళ్లో అరగంట తిరిగేవాళ్ల కోసం చేసినవి. రోజూ మూడు గంటలు కూర్చుంటే ఏ సీటైనా గుచ్చుకుంటుంది. ఆటోనగర్‌లో పని చేస్తూ ఆ బాధ పడటమెందుకని సీటు కుట్టే షాపులో ఇచ్చి లోపల ఫోమ్ మార్పించాను. ముందువైపు పల్లం తీసి సమం చేశాడు, ట్యాంకు మీదికి జారిపోవడం ఆగింది. నడుం నొప్పి సగం తగ్గింది. మిగతా సగానికి గన్నవరం దాటాక టీ కొట్టు దగ్గర పది నిమిషాలు ఆగుతాను.

మెయింటెనెన్స్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మైలేజీ నిలబడేదీ పడిపోయేదీ అక్కడే. ఒకసారి ఉన్నట్టుండి నాలుగైదు కిలోమీటర్లు తగ్గింది. టైర్లలో గాలి చూశాను, చైన్ చూశాను, బంకు మార్చాను. ఏమీ తేలలేదు. చివరికి మా వీధి మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ బయటికి తీసి చూపించాడు. నూనె తడిపిన కాగితం ఫిల్టర్ అది. అంతకుముందు సర్వీసుకిచ్చిన చోట దాన్ని కంప్రెసర్ గాలితో కొట్టి "క్లీన్" అని బిల్లులో రాశారు. ఆ రకం ఫిల్టర్‌ని గాలితో కొడితే నూనె ఎగిరిపోయి కాగితం పీచులుగా లేస్తుంది. పాడయితే మార్చడమే తప్ప కడగడం, ఊదడం ఉండదు. కొత్తది వేశాక మైలేజీ మళ్లీ దారిలో పడింది. అప్పట్నుంచి సర్వీసుకిస్తే పక్కనే కూర్చుంటున్నాను.

చైన్ సంగతి రోజూ హైవే తొక్కేవాళ్లకి ఇంకా ముఖ్యం. వారానికోసారి సెంటర్ స్టాండు వేసి చైన్ కింద భాగాన్ని వేలితో పైకీ కిందకీ ఆడిస్తాను. రెండు మూడు సెంటీమీటర్ల కంటే ఎక్కువ ఊగితే బిగించాల్సిందే. మరీ బిగిస్తే కూడా బండి బరువుగా లాగుతుంది, వెనక చక్రం చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. వానలో తడిసిన రోజు రాత్రి చైన్‌కి నూనె పెట్టకపోతే తెల్లారేసరికి తుప్పు రంగు తేలుతుంది. చైన్ తిరిగే పళ్ల చక్రాల (స్ప్రాకెట్) సెట్ ఒకసారి మార్చాను, వెనక టైరూ మార్చాను. ఇంజన్ ఆయిల్ గడువు కంటే ముందే మార్పిస్తాను. పట్టేది లీటరులోపే, అందులో పిసినారితనం ఎందుకు?

టైర్లలో గాలి పొద్దున్నే బండి కదలకముందు చూడాలి. యాభై కిలోమీటర్లు పరుగెత్తి వేడెక్కిన టైరులో ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది. సరిపోయిందనుకుని వదిలేస్తే చల్లారాక తక్కువవుతుంది. ఇంట్లో చిన్న గేజి పెట్టుకోండి.

ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక మైలేజీ పడిపోయిందని అందరూ అంటున్నారు. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి మూడో వంతు తక్కువ కాబట్టి కొంత తగ్గడం సహజం. 2021లో నీతి ఆయోగ్ రిపోర్టే పాత టూవీలర్లకి 3–4 శాతం తగ్గొచ్చని రాసింది. నా లెక్కలో లీటరుకి రెండు కిలోమీటర్లు పోయాయి. చేయగలిగింది ఏమీ లేదు. వారాల తరబడి బండి ఎండలో, వానలో వదిలేసేవాళ్లు ట్యాంకులో నీటి చెమ్మ చేరకుండా మాత్రం చూసుకోవాలి. రోజూ నడిపేవాళ్లకి ఆ సమస్య రాదు.

మైలేజీ కొలిచేటప్పుడు కన్సోల్ అంకె కంటే ట్యాంకు లెక్కనే నమ్ముతాను. ఒకే బంకులో, సెంటర్ స్టాండు మీద, గన్ను మొదటిసారి టక్కుమని ఆగేదాకా పోయించి మీటరు రాసుకుంటాను. మళ్లీ అలాగే పోయించినప్పుడు తిరిగిన కిలోమీటర్లని పోసిన లీటర్లతో భాగిస్తాను. మూతదాకా నింపమని బంకు కుర్రాణ్ణి ఒత్తిడి చేయకండి. బీఎస్6 కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన బళ్లలో పెట్రోలు ఆవిరిని పట్టుకునే డబ్బా ఒకటుంటుంది, అందులోకి పెట్రోలు పోతే ఖర్చు మీదే.

రోజూ ఇద్దరు కలిసి వెళ్లేవాళ్లూ, 80 తగ్గకుండా పోవాల్సినవాళ్లూ ఈ బండి జోలికి రావద్దు. 160 సీసీ చూసుకోండి, లీటరుకి పది తగ్గినా ప్రాణం హాయిగా ఉంటుంది. ఇది ఒక్కడే, చిన్న బ్యాగుతో, 65లో ఓపికగా పోగలిగేవాడి బండి. ఏది కొన్నా షోరూం చుట్టూ ఒక రౌండు వేసి సంతకం పెట్టకండి. హైవే ఎక్కి అయిదో గేర్లో 65 దగ్గర పది నిమిషాలు పట్టుకుని అద్దంలోకి చూడండి. వెనక వచ్చేది లారీయో బస్సో వణుకు లేకుండా కనిపిస్తే బేరం మొదలుపెట్టండి, లేకపోతే తాళం ఇచ్చేసి పక్క షోరూంకి వెళ్లండి.