ఉద్యోగినుల శిక్షణ తరగతి: ఉదయం నిండుగా, మధ్యాహ్నం హడావిడిగా

మహిళల పదోన్నతులపై విజయవాడ బందరు రోడ్డులోని ఒక హోటల్లో జరిగిన ఒకరోజు శిక్షణకు గుంటూరు నుంచి వెళ్ళి వచ్చాను. దానిని నడిపినవారు ఒక పెద్ద సంస్థలో ఉన్నతాధికారిగా ఉన్న మహిళ. ఆమె ధైర్యవచనాలతో కాలం గడపలేదు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఇలాంటి ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీ ఉండాలని, దానికి సీనియర్ ఉద్యోగినే అధ్యక్షత వహించాలని, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలై ఉండాలని విడమరచి చెప్పారు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలకు పెరిగిన సంగతి మాలో చాలామందికి తెలుసు. 50 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళి రావచ్చని మాత్రం నాకు ఆ రోజే తెలిసింది. (మా కార్యాలయంలో ఆ గది ఉండవలసిన చోట పాత ఫైళ్ళున్నాయి.)

జీతం పెంపు ఎలా అడగాలో నేర్పే మధ్యాహ్నపు భాగం మాత్రం నిరాశపరిచింది. నలభై మందికి ఒక్కరే శిక్షకురాలు కావడంతో నా వంతు రాకుండానే సమయం ముగిసింది. భోజనం బాగుంది. 1,500 రూపాయల రుసుముకు ఉదయపు భాగం ఒక్కటే న్యాయం చేసింది.