సియాటిల్ డెమోక్రసీ వోచర్లు: ఓటు లేనివారి చేతికీ వంద డాలర్లు

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ నగర ఎన్నికల్లో నచ్చిన అభ్యర్థికి చందాగా ఇవ్వమని నగరమే తన నివాసులకు పంపే డెమోక్రసీ వోచర్లను నేను రెండుసార్లు, 2023లోనూ 2025లోనూ, వాడాను. ఒక్కొక్కటి 25 డాలర్ల విలువ గల కాగితాలు నాలుగు వస్తాయి. గ్రీన్ కార్డు ఉండి ఓటు హక్కు లేని నావంటి వారికి ఈ సేవ ఏ మేరకు పనికివస్తుందో, పెద్ద సంస్థల డబ్బు ముందు అది ఎంతవరకు నిలబడుతుందో నేను చూసినంతలో రాస్తున్నాను.

ముందుగా ఒక మాట చెప్పాలి. మన తెలుగువారిలో చాలామంది సరస్సుకు అవతల బెల్వ్యూ, రెడ్మండ్, సమామిష్ ఊళ్లలో ఉంటారు. వారికి ఈ సౌకర్యం లేదు, ఇది సియాటిల్ నగర హద్దుల్లో నివసించే వారికే. నగరంలో ఉన్నా హెచ్‌-1బీ మీద ఉన్నవారికి రాదు, ఎందుకంటే శాశ్వత నివాసం లేని విదేశీయులు ఇక్కడి ఎన్నికలకు చందా ఇవ్వడాన్నే చట్టం నిషేధిస్తుంది. ఓటర్లుగా నమోదైన వారికి వోచర్లు తపాలాలో వాటంతట అవే వస్తాయి. 18 ఏళ్లు నిండిన గ్రీన్ కార్డుదారులు మాత్రం దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ సంగతి నాకు ఒక పొరుగువారు చెప్పేవరకు తెలియలేదు, తెలియని వారు ఇప్పటికీ ఎందరో ఉంటారు.

వాడే పద్ధతి సులభంగానే ఉంది. అభ్యర్థి పేరు, తేదీ రాసి సంతకం పెట్టి తపాలాలో పంపవచ్చు, ఇంటికి వచ్చిన ప్రచార కార్యకర్త చేతికి ఇవ్వవచ్చు, ఆన్‌లైన్‌లోనూ కేటాయించవచ్చు. ఈ కాగితం నగదు కాదు. దాన్ని అమ్మడం, కొనడం నేరం, మరొకరికి బదలాయించడానికి కూడా వీల్లేదు. సంతకం సరిచూశాకే నగరం ఆ సొమ్మును అభ్యర్థి ప్రచార ఖాతాకు చెల్లిస్తుంది. ఎవరి వోచరు ఏ అభ్యర్థికి చేరిందో అందరికీ కనబడేలా ప్రకటిస్తారు కాబట్టి, తన రాజకీయ అభిమానం బయటపడకూడదనుకునే వారు ఈ విషయాన్ని ముందే ఆలోచించుకోవాలి.

నన్ను నిజంగా కదిలించినది 2023 వేసవిలో జరిగింది. మా అపార్టుమెంటు తలుపు తట్టిన కౌన్సిల్ అభ్యర్థి ఒకరు నాకు ఓటు లేదని తెలిసి కూడా వెళ్లిపోలేదు, వోచర్లు ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయని చెప్పాక పదిహేను నిమిషాలు నిలబడి, మా వీధిలో రాత్రిపూట బస్సు దిగి నడిచివచ్చే వారికి దీపాలు చాలడం లేదన్న నా ఫిర్యాదును శ్రద్ధగా విని రాసుకున్నారు. మా ఊళ్లో పోలింగుకు ముందు రాత్రి ఓటరు స్లిప్పుతో పాటు నోట్లు పంచడం, ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో లెక్కపెట్టి మరీ చేతిలో పెట్టడం చూస్తూ పెరిగినవాడిని నేను. అక్కడ డబ్బు అభ్యర్థి చేతి నుంచి ఓటరు చేతికి వచ్చేది, తీసుకున్నాక ఇక అడిగే నోరు ఉండేది కాదు. ఇక్కడ అభ్యర్థే డబ్బు అడగడానికి గుమ్మం దాకా రావలసి వచ్చింది, ఇవ్వాలో వద్దో తేల్చుకునే ముందు నాలుగు ప్రశ్నలు అడిగే వీలు నాకు దొరికింది.

ఈ పథకం 2015 నవంబరులో ఇనిషియేటివ్ 122 అనే ప్రజా ప్రతిపాదనను నగర ఓటర్లు ఆమోదించడంతో వచ్చింది. 2017 ఎన్నికల్లో మొదటిసారి అమలైంది. ఖర్చంతా ఆస్తిపన్ను నుంచే. మొదటి పదేళ్లకు ఏడాదికి 30 లక్షల డాలర్లు కేటాయించారు, సగటు ఇంటి యజమాని మీద పడిన భారం ఏడాదికి పన్నెండు డాలర్ల లోపే. 2025 ఆగస్టులో ఓటర్లు దీన్ని మరో పదేళ్లు పొడిగించి, కేటాయింపును ఏడాదికి 45 లక్షల డాలర్లకు పెంచారు. తమ పన్నుతో ఇతరుల రాజకీయాలను పోషించడం ఏమిటని ఇద్దరు ఆస్తి యజమానులు కోర్టుకెక్కినా, వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2019లో పథకాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది.

వోచర్లు తీసుకోదలచిన అభ్యర్థి ముందు తన అర్హత నిరూపించుకోవాలి. నగరంలో ఒక భాగానికే ఎన్నికయ్యే డిస్ట్రిక్టు కౌన్సిల్ సీటుకైతే కనీసం 150 మంది నుంచి, నగరమంతటికీ పోటీ అయితే 400 మంది నుంచి, మేయర్ పదవికి 600 మంది నుంచి చిన్న చందాలు, సంతకాలు సేకరించాలి. ఖర్చుకు పరిమితి ఒప్పుకోవాలి, బహిరంగ చర్చల్లో పాల్గొనాలి. ఈ నిబంధన తెలియక నేను 2025లో తొందరపడి రెండు వోచర్లు ఒక కొత్త అభ్యర్థికి ఇచ్చాను. ఆ అభ్యర్థి అర్హత సంపాదించలేకపోవడంతో అవి వృథా అయ్యాయి, ఒకసారి ఇచ్చినవి వెనక్కి రావు.

పెద్ద సంస్థల పలుకుబడి మాటకు వస్తే, ఇనిషియేటివ్ 122 నగరంతో రెండున్నర లక్షల డాలర్లకు పైబడిన కాంట్రాక్టులు ఉన్నవారు, లాబీయింగుకు, అంటే నగర నిర్ణయాలను తమవైపు తిప్పుకునే ప్రయత్నాలకు, అయిదు వేల డాలర్లకు మించి ఖర్చు పెట్టినవారు అభ్యర్థులకు చందా ఇవ్వకూడదని కట్టడి చేసింది. అయితే అభ్యర్థికి నేరుగా ఇవ్వకుండా విడిగా ప్రచారానికి ఖర్చు పెట్టే డబ్బును అది ఆపలేదు, సంస్థలు విడిగా పెట్టే ప్రచార ఖర్చును నిషేధించకూడదన్న అమెరికా సుప్రీంకోర్టు 2010 నాటి సిటిజన్స్ యునైటెడ్ తీర్పు ఉండగా ఆపడం సాధ్యం కూడా కాదు. 2019లో నగర వాణిజ్య మండలి నడిపిన ప్రచార సంఘానికి అమెజాన్ సంస్థ 14 లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. ఆ సంఘం బలపరిచిన వారిలో ఎక్కువమంది ఓడిపోయారు, కానీ ఓడిపోయారు కాబట్టి ఆ డబ్బుతో ప్రమాదం లేదని నేను అనుకోను. మరుసటి జనవరిలోనే కౌన్సిల్, ఒక విదేశీ మదుపరికి 1 శాతం గానీ విదేశీయులందరికీ కలిపి 5 శాతం గానీ వాటా ఉన్న కంపెనీలు ఎన్నికల్లో ఖర్చు పెట్టకుండా చట్టం చేసింది. వోచర్ల కన్నా ఆ చట్టమే పెద్ద కంపెనీలకు సూటిగా తగులుతుందని నా అభిప్రాయం.

రాష్ట్ర స్థాయికి ఈ ఆలోచన ఇంకా ఎక్కలేదు. 2016లో వాషింగ్టన్ రాష్ట్రమంతటా ఇటువంటి క్రెడిట్లు ఇవ్వాలన్న ఇనిషియేటివ్ 1464ను ఓటర్లు తిరస్కరించారు. అదే ఏడాది సౌత్ డకోటా ప్రజలు ఆమోదించిన పథకాన్ని అక్కడి శాసనసభ కొద్ది నెలల్లోనే రద్దు చేసింది. తమకు వచ్చే చందాల మీద ఆంక్షలు పడే శాసనసభ్యుల చేతిలోనే రద్దు అధికారం ఉండడం నాకు బాధ కలిగించింది. మన దగ్గర 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లను కొట్టివేశాక బయటపడిన వివరాల్లో బీఆర్‌ఎస్‌కు 1,200 కోట్ల రూపాయలకు పైగా, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 330 కోట్లకు పైగా, తెలుగుదేశానికి 200 కోట్లకు పైగా చేరినట్టు తేలింది. ఆ జాబితాలు చదివిన రోజునే నా 25 డాలర్ల కాగితానికి నా దృష్టిలో విలువ పెరిగింది.

ఈ సేవలోని అసలు లోపం వాడకం తక్కువగా ఉండడం. 2017లో సుమారు 20 వేల మంది, 2021లో సుమారు 48 వేల మంది వోచర్లు వాడారు. ఏడు లక్షల పైచిలుకు జనాభా ఉన్న నగరానికి ఇది చిన్న సంఖ్యే.

అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. డిస్ట్రిక్టు సీట్లన్నిటికీ తదుపరి ఎన్నికలు 2027లో ఉన్నాయి. గ్రీన్ కార్డుదారులు ఆ ఏడాది మొదట్లోనే దరఖాస్తు పెట్టుకోండి, అభ్యర్థి అర్హత పొందారో లేదో ఈ పథకాన్ని నడిపే నగర ఎథిక్స్ అండ్ ఎలక్షన్స్ కమిషన్ జాబితాలో చూసుకున్నాకే సంతకం చేయండి.