కోటమిట్ట నుంచి ఇంగ్లండుకు ఆన్‌లైన్ ఉర్దూ పాఠాలు

ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్లో స్థిరపడిన మా తమ్ముడి పిల్లలు నెల్లూరులో ఉన్న మా అమ్మతో ఫోనులో దక్కనీ (మన వైపు ఇళ్లలో మాట్లాడే ఉర్దూ) ధారాళంగా మాట్లాడతారు గాని, ఉర్దూలో ఒక్క వాక్యం రాయమంటే ఇంగ్లీషు అక్షరాలే వాడతారు. 2021 జనగణనలో ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 2,70,000 మంది ఉర్దూను తమ ప్రధాన భాషగా నమోదు చేసుకున్నా, వాళ్ల ఊళ్లో ఆ లిపి నేర్పేవారు దొరకలేదు. అందుకే నెల్లూరులోని కోటమిట్టలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నడిపే ఆన్‌లైన్ తరగతిలో పిల్లలను చేర్పించాము.

ఈ తరగతి గొప్పతనమంతా మొదటి మెట్టులోనే ఉంది. ఖురాన్ చదివే పిల్లలకు అరబీ అక్షరాలు నస్ఖ్ అనే, గీత మీద తిన్నగా సాగే రాత శైలిలో తెలుసు. ఉర్దూ పుస్తకాలు మాత్రం నస్తాలీఖ్ అనే మరో శైలిలో ఉంటాయి, అక్షరాలు ఏటవాలుగా కిందికి జారుతూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, పైగా అరబీలో లేని ప, చ, గ, ట, డ వంటి ధ్వనులకు కొత్త అక్షరాలు వస్తాయి. ఉస్తాద్ గారు అలిఫ్ నుంచి మళ్లీ మొదలుపెట్టకుండా, పిల్లలకు వచ్చిన ‘బే’ను బోర్డు మీద రాసి, కింద ఉన్న ఒక చుక్కను మూడు చేసి ‘పే’ను, చుక్కలు రెండింటిని పైకి తెచ్చి ‘తే’ను చూపించారు. పిల్లలు దక్కనీలో జవాబు చెబితే ఆయన తప్పు పట్టరు, ఆ మాటను పుస్తక భాషలో ఎలా రాయాలో పక్కనే రాయిస్తారు. అమ్మమ్మల, నానమ్మల మాటను చులకన చేసే ఉర్దూ చదువు విదేశాల్లో పెరిగే పిల్లలను ఇంటికి మరింత దూరం చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను కనుక, ఈ ఒక్క పద్ధతికే ఆయనకు రుణపడి ఉన్నాము.

లోపాలూ ఉన్నాయి. చిన్న ఫోనులో చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి, కంప్యూటరు గాని ట్యాబ్ గాని తప్పనిసరి. అక్టోబరు చివర బ్రిటన్‌లో గడియారాలు గంట వెనక్కి జరిగి, మనకూ వాళ్లకూ తేడా నాలుగున్నర గంటల నుంచి ఐదున్నర గంటలకు పెరిగినా తరగతి వేళ మార్చకపోవడంతో, పిల్లలు బడి నుంచి రాకముందే పాఠం మొదలైపోయేది. ఎన్నిసార్లు చెప్పినా ఆ సర్దుబాటు ఆలస్యంగానే జరిగింది. మధ్యలో కొత్త పిల్లలను ఎక్కువగా చేర్చుకోవడంతో ఒక్కొక్కరి చేత పైకి చదివించే సమయమూ తగ్గింది.

ఖురాన్ చదవడం వచ్చిన పిల్లలను నిస్సంకోచంగా చేర్పించవచ్చు. అరబీ అక్షరాలు అసలే తెలియని వారికి మాత్రం ఈ వేగం అందదు, వారికి విడిగా ఒక తరగతి పెట్టమని ఉస్తాద్ గారిని కోరాము.