డ్రూపల్‌కి పోస్ట్‌జిస్ తోడు: లంకల మ్యాప్ మీద వాడి చూశాక నా రివ్యూ

పోస్ట్‌జిస్ అంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మ్యాపు లెక్కలు నేర్పే జోడింపు. ముందే చెప్పేస్తాను, డ్రూపల్‌తో (వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) కట్టిన మీ సైట్లో హోటల్ ఎక్కడుందో చూపిస్తే చాలనుకుంటే దీని జోలికి రాకండి. డ్రూపల్‌లో జియోఫీల్డ్ (స్థలాల వివరాలు దాచేది), లీఫ్‌లెట్ (మ్యాపు చూపించేది) మాడ్యూళ్లు వేసుకుని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద పిన్ను గుచ్చేస్తే పనైపోతుంది, మామూలు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ చాలు.

మాకు చాల్లేదండి. కోనసీమ రేవులు, పంట్లు (నది దాటించే పెద్ద పడవలు), లంకలు (గోదావరి మధ్య దీవులు), కాలువలు చూపించే సైటు మాది. రేవుకి పిన్ను సరిపోతుంది, లంకకి ఎలా సరిపోతుంది? పొడుగ్గా ఉంటుంది, వరదొస్తే ఒకవైపు కోసుకుపోయి ఇంకోవైపు ఇసుక మేట వేస్తుంది. జియోఫీల్డ్‌లో లంక హద్దు గీస్తే, దాన్ని ఉత్త టెక్స్ట్‌గా దాచుకుని పక్కన మధ్య బిందువు అక్షాంశ రేఖాంశాలు రాసుకుంటుంది. దూరం కొలిచేది ఆ బిందువు నుంచే. దాంతో రేవుకి ఎదురుగా, కేకేస్తే వినపడే దూరంలో మొదలయ్యే లంక కూడా "2 కిలోమీటర్ల లోపు" అని వెతికితే రాదు, ఎందుకంటే దాని నడుం ఎక్కడో దిగువన ఉంటుంది.

డ్రూపల్‌ని పోస్ట్‌గ్రెస్ మీదకి మార్చి పోస్ట్‌జిస్ ఆన్ చేస్తే ఇది దానంతటదే బాగుపడుతుందని చాలామంది అనుకుంటారు. బాగుపడదు, జియోఫీల్డ్ తన పద్ధతిలోనే పోతుంది. అందుకే మేం లంకలూ కాలువలూ విడి టేబుళ్లలో పెట్టి, నోడ్ ఐడీతో (డ్రూపల్ పేజీ నంబరు) ముడేసి, చిన్న కస్టమ్ మాడ్యూల్‌తో లీఫ్‌లెట్‌కి జియోజేసన్‌గా (మ్యాపు ఆకారాలు రాసే ఫార్మాట్) ఇస్తున్నాం. అసలు తేడా అప్పుడు కనిపించింది. ఎస్‌టీ_డీవితిన్ (ఇంత దూరం లోపు ఉందా అని చూసే పోస్ట్‌జిస్ ఫంక్షన్) లంక అంచు నుంచి కొలుస్తుంది, జిస్ట్ ఇండెక్స్ (వెతుకులాట వేగం పెంచే సూచిక) ఉంటే జవాబు చటుక్కున వస్తుంది. కాకపోతే కాలమ్ జాగ్రఫీ టైపులో (దూరాలు మీటర్లలో కొలిచేది) ఉండాలి. జామెట్రీ టైపులో 4326 (అక్షాంశ రేఖాంశాల పద్ధతికి కోడ్) పెట్టి దూరం 2000 అని ఇస్తే అవి మీటర్లు కాదు, డిగ్రీలు, భూమ్మీద ఉన్నవన్నీ వచ్చేస్తాయి.

సఖినేటిపల్లి పంటు సంగతి చూడండి. ఇటు ఒడ్డు కోనసీమ జిల్లా, అటు నరసాపురం పశ్చిమ గోదావరి. పేజీలో జిల్లా పేరు చేత్తో నింపితే ఏదో ఒక ఒడ్డు వాళ్లకే దొరుకుతుంది. పంటు దారిని గీతగా పెట్టి, అది ఏ జిల్లా హద్దుల్ని తాకుతోందో ఎస్‌టీ_ఇంటర్‌సెక్ట్స్ ఫంక్షన్‌తో అడిగితే రెండు జిల్లాల్లోనూ వస్తుంది. 2022లో జిల్లాలు విడగొట్టారు కదా, అలాంటప్పుడు కూడా హద్దు మార్చుకుంటే చాలు, పేజీలన్నీ తెరిచి దిద్దక్కర్లేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది క్యూజిస్‌తో (కంప్యూటర్లో మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్) పోస్ట్‌జిస్ జోడీ. మ్యాపు గీసే కుర్రాడికి డ్రూపల్ లాగినే అక్కర్లేదు. క్యూజిస్‌ని నేరుగా డేటాబేస్‌కి కలిపి, వరద తీశాక శాటిలైట్ ఫోటో చూసి అంచు సరిచేసి సేవ్ కొడతాడు, సైట్లో మారిపోతుంది. ఆ జియోజేసన్‌కి మాత్రం డ్రూపల్ కాష్ (పేజీల పాత కాపీ దాచిపెట్టుకోవడం) ఆపేయండి, లేకపోతే పాత లంకే కనపడుతుంది.

విసుగు తెప్పించేవీ ఉన్నాయి. పోస్ట్‌జిస్‌లో రేఖాంశం ముందు రాయాలి. గూగుల్ మ్యాప్స్ నుంచి కాపీ చేస్తే అక్షాంశం ముందొస్తుంది, మైఎస్‌క్యూఎల్ 8 కూడా 4326కి అక్షాంశమే ముందు అడుగుతుంది. తారుమారైతే అమలాపురం స్వాల్‌బార్డ్‌కి ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది, ఎర్రర్ కూడా రాదు.

చవక షేర్డ్ హోస్టింగ్‌లో పోస్ట్‌జిస్ దొరకడం కష్టం, వీపీఎస్ (మనమే నడుపుకునే విడి వర్చువల్ సర్వర్) తీసుకోవాల్సిందే, అంటే అప్‌డేట్ల టెన్షన్ మనదే. విడి టేబుళ్ల సంగతి డ్రూపల్‌కి తెలీదు కాబట్టి పేజీ డిలీట్ చేసినా లంక మ్యాప్ మీదే ఉండిపోతుంది. ఆ శుభ్రం చేసే కోడ్ కూడా మనమే రాసుకోవాలి.